తమ్ముడి అరెస్టు కాగితాలు అడగాలంటే ఏ గడప తొక్కాలి?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి వైపు ఒక పల్లె నుంచి ఒక అక్క ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని నడుపుకుంటున్నారు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచారు. ఆ అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు, ఐటీఐ చేసి వెల్డింగ్ పనికి వెళ్తున్నాడు. ఏడు నెలల కిందట ఊళ్లో అమ్మవారి సంబరం రోజు రాత్రి రెండు వీధుల కుర్రాళ్లు కొట్టుకున్నారు. ఒకతనికి తల పగిలింది. ఎఫ్‌ఐఆర్‌లో పద్నాలుగు పేర్లు రాశారు, అందులో ఇతని పేరూ ఉంది.

ఆమె మాటల్లోనే కొంత: "మంగళవారం సాయంత్రం ఆరింటికి టీ కొట్టు దగ్గర జీపు ఎక్కించారు. ఆ రాత్రి, మళ్లీ బుధవారం రెండు పూటలా నేనే క్యారేజీ పట్టుకెళ్లి స్టేషన్ గేటు దగ్గర సెంట్రీకి ఇచ్చాను. గురువారం సాయంత్రం ఒకాయన ఇంటికొచ్చి ఏదో కాగితం మీద నాన్న చేత వేలిముద్ర వేయించుకున్నారు. శుక్రవారం పొద్దున్న కోర్టులో పెట్టారు. కాగితాల్లో మాత్రం గురువారం ఉదయం పది గంటలకు అరెస్టు చేసినట్టు ఉందని తర్వాత వకీలు గారు చెప్పారు."

తమ్ముడు పన్నెండు రోజులు అంపోలు జిల్లా జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఊళ్లో మాత్రం "గంజాయి కేసట, మూడు నెలలు లోపలున్నాడట" అని పాకింది. దాదాపు ఖాయమైన సంబంధం వెనక్కి పోయింది. గల్ఫ్‌కి పంపుతానన్న ఏజెంటు పోలీసు సర్టిఫికెట్ అడుగుతున్నాడు. ఈమె స్టేషన్‌కి వెళ్లి తమ్ముడి రికార్డు కావాలని అడిగితే "ఏటమ్మా, నీకెందుకివన్నీ? వకీలుని రమ్మను" అని రైటర్ పంపించేశాడు. బయట ఒకతను ఐదు వేలిస్తే రిజిస్టరు పేజీలు ఫోటో తీయించి ఇస్తానన్నాడు. వకీలు గారూ, భర్తా ఇద్దరూ "వాళ్లతో పెట్టుకోవద్దు" అంటున్నారు. తమ్ముడికి ఈ సంగతేదీ ఇంకా చెప్పలేదు. "ఆ రోజుల మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు" అని రాశారు. ఆమె అడిగినవి రెండు: ఇలాంటి రికార్డు అడిగే హక్కు మాలాంటి వాళ్లకుందా? అడిగితే తమ్ముడికే ముప్పు వస్తుందా?

అమ్మా, ముందు మొదటి ప్రశ్న. హక్కుంది. మీ తమ్ముణ్ణి ఎప్పుడు పట్టుకున్నారు, ఎక్కడ ఉంచారు, ఏ రోజు కోర్టులో పెట్టారు, ఎప్పుడు వదిలారు, ఇవేవీ ఎవరి సొంత రహస్యాలూ కావు. వీటిలో ప్రతిదాన్నీ కాగితం మీద పెట్టాలని చట్టమే చెప్పింది. రైటర్ మిమ్మల్ని పంపించేసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోలేదు. నిజానికి మీరు వెళ్లింది అన్నిటికంటే ఇరుకైన గుమ్మానికి. అవే వివరాలున్న కాగితాలు దొరికే గుమ్మాలు ఇంకో నాలుగున్నాయి, వాటి సంగతి చెబుతాను.

అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకొకటి అనిపించింది. "రికార్డు" అని మీరు ఒకే మాట వాడుతున్నారు గానీ దాని వెనక మూడు వేర్వేరు కోరికలున్నాయి. ఊరి నోరు మూయించాలి. గల్ఫ్ దారి తెరవాలి. మంగళవారం నుంచి గురువారం దాకా జరిగినదాన్ని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఈ మూడింటికీ కావలసిన కాగితాలు వేరు, అడగాల్సిన చోటు వేరు, ఎదురయ్యే ఇబ్బందులూ వేరు. మూడూ ఒకే అర్జీలో పెడితే ఏదీ తెమలదు.

మరో మాట, కొంచెం బాధ కలిగించేదే అయినా ముందే చెప్పాలి. రికార్డు అంటే జరిగింది కాదు, రాసింది. మీరు ఎంత కష్టపడి తెప్పించుకున్నా ఆ కాగితాల్లో చాలావాటి మీద గురువారం ఉదయం పది గంటలు అనే ఉంటుంది. అది చూసి మీరు కుంగిపోకూడదనే ఇప్పుడే చెబుతున్నాను. రాసినదాన్నీ రాయనిదాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మీ మంగళవారం బయటికొస్తుంది. ఆ మాటకి మళ్లీ వస్తాను.

ముందు మీ నాన్నగారి వేలిముద్ర. మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ నాకు ఉత్తరం మొత్తంలో ముఖ్యమైంది అదే. ఆ కాగితం రెండింటిలో ఒకటై ఉండాలి. ఒకటి, మీ అబ్బాయిని అరెస్టు చేశాం, ఫలానా చోట ఉంచాం అని ఇంటివాళ్లకు తెలియజేసే పత్రం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 48వ సెక్షన్ ప్రకారం అలా తెలియజేయడం పోలీసుల బాధ్యత. రెండోది అరెస్టు మెమో, అంటే అరెస్టు తేదీ, టైము రాసే పత్రం. 36వ సెక్షన్ ప్రకారం దాని మీద కుటుంబంలో ఒకరైనా, ఆ ప్రాంతంలో పెద్దమనిషైనా సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి సంతకమూ ఉండాలి. ఇది కొత్త సంగతేం కాదు, 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే తర్వాత చట్టంలోకి వచ్చింది.

తేడా ఎక్కడుందో చూడండి. అది సమాచార పత్రమైతే గురువారం సాయంత్రం నాన్నగారికి కబురు అందిందని మాత్రమే దానర్థం. అదే మెమో అయితే, గురువారం ఉదయం పదింటికి తన కళ్ల ముందే అరెస్టు జరిగిందని ఆయన సాక్ష్యం చెప్పినట్టు. ఆ పూట ఆయన ఇంట్లోనో పొలంలోనో ఉంటే, చూసినవాళ్లుంటే, ఆ మెమో నిలవదు. అందుకే ఆ కాగితం నకలు మీకు అన్నిటికంటే ముందు కావాలి.

అది దొరికే చోటు స్టేషన్ కాదు, మీ వకీలు గారి బీరువా. బెయిలు వేసేటప్పుడు ఆయన రిమాండ్ రిపోర్టు (కోర్టులో పెట్టేటప్పుడు పోలీసులు ఇచ్చే కాగితం) చూసే ఉంటారు. గురువారం అని మీకు చెప్పగలిగారంటే ఆ వివరం ఆయన కళ్లబడింది. పోలీసులు ఛార్జిషీటు వేసి ఉంటే, నిందితుడు కోర్టుకి హాజరైన పద్నాలుగు రోజుల్లోపు ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, ఛార్జిషీటుతో జతచేసిన కాగితాల నకళ్లు అతనికి ఉచితంగా ఇవ్వాలని 230వ సెక్షన్ చెబుతోంది. ఆ కట్ట ఈపాటికే ఆయన దగ్గర ఉండొచ్చు. "రికార్డు తెప్పించండి" అనకండి. "మా కేసు కట్ట జిరాక్స్ తీసుకుంటాం బాబూ" అనండి. అది మీ కాగితమే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఛార్జిషీటు పడిందో లేదో ఫోన్లోనే తెలుస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా, కోర్టు, స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం కొడితే కేసు ఏ దశలో ఉందో, వాయిదా ఎప్పుడో చూపిస్తుంది.

వకీలు గారి దగ్గర దొరక్కపోతే కోర్టు. రెండో గుమ్మం అదే, అన్నిటికంటే విశాలమైనదీ అదే. రిమాండ్ రిపోర్టు, దాని మీద మేజిస్ట్రేటు గారు రాసిన ఉత్తర్వు, అరెస్టు మెమో, వైద్య పరీక్ష కాగితం, బెయిలు ఉత్తర్వు అన్నీ కోర్టు ఫైల్లో ఉంటాయి. కాపీ అప్లికేషన్ పెడితే సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు. కేసులో నిందితుడు కాబట్టి మీ తమ్ముడి సంతకంతో పెడితే సులువుగా అయిపోతుంది. మీ పేరుతో పెడితే మీరు బయటి వ్యక్తి కింద లెక్క, ఎందుకు కావాలో అఫిడవిట్ వేయాలి, జడ్జి గారు అనుమతించాలి.

మూడో గుమ్మం జైలు. అంపోలులో లోపలికి తీసుకునేటప్పుడు రోజు, టైము, ఒంటి మీద దెబ్బలేమైనా ఉంటే అవి రాసుకుంటారు. వదిలేటప్పుడూ అంతే. ములాఖత్‌కి వెళ్లి ఆధార్ చూపించి మీరు సంతకం పెట్టారే, ఆ రోజూ ఆ పుస్తకంలో ఉంది. ఎన్ని రోజులు ఉన్నాడో ధ్రువపత్రం ఇమ్మని మీ తమ్ముడు జైలు సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ఇవ్వకపోతే అదే సంగతి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. నాలుగోది ఆసుపత్రి. కోర్టుకి తీసుకెళ్లే ముందు ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేసి ఉండాలి. ఆ రిపోర్టు నకలు అరెస్టయిన మనిషికో, అతను చెప్పినవాళ్లకో ఇవ్వాలని 53వ సెక్షన్‌లో ఉంది. మీకు ఇచ్చి ఉండరు. అడగండి. ఓపీ చీటీ మీద ఉండే టైము కూడా మీకు పనికొస్తుంది.

ఇప్పుడు మీ మూడు కోరికలు.

ఊరి మాట సంగతి మూడింటిలోకీ తేలిక. ఎఫ్‌ఐఆర్‌ని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. మీది కొట్లాట కేసు కాబట్టి ఆంధ్రప్రదేశ్ పోలీసు వెబ్‌సైటులో దొరికే అవకాశం ఎక్కువ. అందులో సెక్షన్లు భారతీయ న్యాయ సంహితవి (నేరాలు, శిక్షల చట్టం) ఉంటాయి. గంజాయి కేసైతే మత్తుపదార్థాల చట్టం సెక్షన్లు ఉండాలి, ఆ తేడా చదువుకున్న ఎవరికైనా కనబడుతుంది. దానికి జైలు నుంచి వచ్చిన పన్నెండు రోజుల కాగితం జతచేస్తే "మూడు నెలల గంజాయి" అక్కడితో ఆగుతుంది.

కానీ ఆ రెండు కాగితాలూ పట్టుకుని వీధి వీధీ తిరగొద్దు. రచ్చబండ దగ్గర చూపిస్తే రేపు ఇంకొకరు "అయితే కొట్లాట కేసు నిజమేగా" అంటారు, మళ్లీ మొదటికొస్తుంది. సంబంధం వాళ్లు నమ్మదగిన మనుషులే అయితే, మధ్యవర్తి ద్వారా కాకుండా మీ మేనమామనో, పెద్దనాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి, కేసు ఉందని మీరే ముందు చెప్పి, ఆ రెండూ చేతికివ్వండి. వాళ్లు అప్పుడూ వద్దనొచ్చు. కేసున్న అబ్బాయికి పిల్లనివ్వడానికి భయపడటం వాళ్ల హక్కు. అబద్ధం విని వద్దనడం వేరు, నిజం విని వద్దనడం వేరు. రెండోదైతే కనీసం మీ తమ్ముడు తలదించుకోనక్కర్లేదు. మీరు తీసుకున్నట్టే రేపు ఊళ్లో ఇంకొకరు ఇవన్నీ తీయగలరా అనే భయం ఉంటే, ఎఫ్‌ఐఆర్, కేసు వాయిదాలు ఎవరైనా చూడొచ్చు. వైద్య పరీక్ష, జైలు వివరాలు అతని వ్యక్తిగత సమాచారం, బయటివాళ్లకు అంత తేలిగ్గా ఇవ్వరు.

గల్ఫ్ సంగతికొస్తే, అమ్మా, అరెస్టు రికార్డు మీ దగ్గరున్నా లేకపోయినా అక్కడ తేడా రాదు. అక్కడ అడ్డం అరెస్టు కాదు, నడుస్తున్న కేసు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించాలని 1967 పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. దారి కూడా ఉంది. 1993 ఆగస్టు 25న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టే విదేశం వెళ్లడానికి అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇస్తారు, సాధారణంగా పరిమిత కాలానికి. పాస్‌పోర్టు ఇదివరకే ఉన్నా, బెయిలు షరతుల్లో జిల్లా దాటకూడదనో, వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలనో ఉంటే కోర్టు అనుమతి లేకుండా కదలకూడదు.

ఏజెంటు "ఆ కాలమ్‌లో కేసు లేదని రాసేయండి, నేను చూసుకుంటా" అంటే మాత్రం ఆ గుమ్మం దిగి వచ్చేయండి. వాస్తవం దాచి పాస్‌పోర్టు తీసుకోవడం వేరే నేరం. ఇప్పుడున్నది కొట్టేసే అవకాశమున్న కేసు. అది కొట్టేశాక కూడా ఆ రెండో కేసు మిగిలిపోతుంది. తల పగిలిన అబ్బాయి కుటుంబంతో రాజీ కుదిరే వీలుంటే అదీ ఆలోచించండి. కొన్ని సెక్షన్లు కింది కోర్టులోనే రాజీ చేసుకోవచ్చు, కొన్నింటికి హైకోర్టుకి వెళ్లాలి. మీ ఎఫ్‌ఐఆర్‌లో ఏవి ఉన్నాయో చూసి వకీలు గారు చెప్పగలరు. గల్ఫ్‌కి దగ్గర దారి అదే అవుతుందేమో.

ఇక మంగళవారం.

పట్టుకున్న 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ప్రయాణానికి పట్టే టైము మినహాయించి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న మాట. మంగళవారం సాయంత్రం ఆరు నుంచి శుక్రవారం ఉదయం తొమ్మిది దాకా లెక్కేస్తే 63 గంటలు. కాగితం ప్రకారం 23. మధ్యలో నలభై గంటలు ఎక్కడా లేవు. మీరు పట్టుకెళ్లిన మూడు పూటల అన్నం ఆ నలభై గంటల్లోదే.

ఆ గంటలకు రికార్డు లేదు, కాబట్టి రికార్డు అడిగితే "లేదు" అనే వస్తుంది. ఆ "లేదు" అన్న జవాబూ ఒక కాగితమే, దాని విలువ దానికుంది. కానీ అసలు సాక్ష్యం వేరే చోట ఉంది. ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, గేటు, వరండా, లాకప్ అన్నీ కనబడాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ దృశ్యాలను 18 నెలలు దాచాలి, అంత వీలుకాని పరికరాలైతే కనీసం ఏడాది. మీకు ఏడు నెలలయ్యాయి. బుధవారం మధ్యాహ్నం స్టీలు క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడిన మీరు ఆ కెమెరాలో ఉండి ఉండాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం "తీరిగ్గా ఆలోచిద్దాం" అంటే కుదరదు. మిగతా కాగితాలు అంత తొందరగా పోవు, ఇది ఉండదు.

దీన్ని అడగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫలానా తేదీల సీసీ దృశ్యాలు చెరపకుండా భద్రపరచండి అని మీ తమ్ముడు జిల్లా ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో, రశీదు వచ్చేలా రాయడం. ఎస్పీ ఆఫీసులో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చి నంబరు తీసుకోవచ్చు కూడా. రెండోది, కేసు నడుస్తున్న కోర్టులోనే ఆ దృశ్యాలు, ఆ రోజుల కాల్ వివరాలు భద్రపరిచేలా ఆదేశించమని పిటిషన్ వేయడం. మొదటిది ఖర్చులేని పని, కానీ ఆ ఉత్తరం తిరిగి తిరిగి అదే స్టేషన్‌కి చేరుతుంది. రెండోది నిదానం, వకీలు కావాలి, కానీ కోర్టు కన్ను పడితే చెరపడానికి జంకుతారు. ఏదైనా సరే, గుట్టుగా చేసే పని కాదిది. మీవాళ్లు "పెట్టుకోవద్దు" అనడం పిరికితనం అనుకోకండి. ఈ కేసు దర్యాప్తు చేసిన అధికారే రేపు కోర్టులో సాక్షి. మీ తమ్ముడు అదే ఊళ్లో, అదే రోడ్డు మీద బండి నడుపుకోవాలి. ఆ భయంలో నిజముంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి, ఎస్పీకీ కోర్టుకీ చేరిన కాగితం ఉన్న మనిషి జోలికి ఊరికే రావడం కూడా అంత తేలిక కాదు. ఈ రెండిట్లో ఏది బరువో మీ స్టేషన్‌నీ మీ ఊరినీ ఎరిగిన మీకే తెలుస్తుంది, ఇక్కడ కూర్చుని నేను తూచలేను.

మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలనుకుంటే, జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. మీకింకా ఐదు నెలలున్నాయి. ఏడాది దాటితే వాళ్లు విచారణకు తీసుకోరు.

శుక్రవారం మేజిస్ట్రేటు గారు "పోలీసులు ఏమైనా చేశారా, ఎప్పుడు పట్టుకున్నారు" అని అడిగినప్పుడు మీ తమ్ముడు ఏం చెప్పాడో మీరు రాయలేదు. ఏమీ లేదన్నాడేమో. పక్కనే ఎస్కార్టు నిలబడి ఉంటే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇంకేం అంటాడు? అలా అని ఉంటే రిమాండ్ ఉత్తర్వులో అదే రాసి ఉంటుంది, ఎదుటివాళ్లు దాన్నే చూపిస్తారు. దానికి మీరు ముందే సిద్ధపడాలి. అందుకని అతణ్ణి మాత్రం తప్పుపట్టకండి.

సమాచార హక్కు అర్జీ గురించి కూడా చెప్పాలి, చాలామంది అక్కడే పొరబడతారు. అర్జీ తెలుగులోనే రాయొచ్చు, జిల్లా స్థాయి ఆఫీసుకి పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. "మా తమ్ముణ్ణి ఎందుకు అక్రమంగా ఉంచారు?" అని రాస్తే జవాబు రాదు, ఆ చట్టం కింద ఉన్న కాగితం ఇస్తారు తప్ప సంజాయిషీ ఇవ్వరు. ఇలా రాయించండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టేషన్ జనరల్ డైరీలో నా పేరున్న నమోదుల నకళ్లు, నా అరెస్టు మెమో నకలు, మా నాన్నగారికి ఇచ్చిన అరెస్టు సమాచార పత్రం నకలు ఇవ్వగలరు." నా, మా అని ఎందుకంటున్నానంటే అర్జీ మీ తమ్ముడిదై ఉండాలి. తన సమాచారం తానే అడిగినప్పుడు వ్యక్తిగతం అనే అడ్డు చెప్పడానికి వీలుండదు. మీరు అడిగితే మొదటి జవాబే అది అవుతుంది, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆ మినహాయింపు ఇంకా గట్టిపడింది.

జనరల్ డైరీ, కేస్ డైరీ ఒకటి కాదు. కేస్ డైరీ దర్యాప్తు అధికారి సొంతంగా రాసుకునేది, దాన్ని నిందితుడికి ఇవ్వక్కర్లేదని చట్టంలోనే ఉంది. జనరల్ డైరీ స్టేషన్ రోజువారీ పుస్తకం, ఎవరొచ్చారు, జీపు ఎప్పుడు బయల్దేరింది అన్నీ అందులో పడతాయి. అర్జీలో పొరపాటున "కేస్ డైరీ" అని రాస్తే అదొక్క మాట పట్టుకుని మొత్తం తిప్పికొడతారు. జనరల్ డైరీలో మిగతా పదమూడు మంది పేర్లుంటే వాటిని కొట్టేసి మీ భాగం ఇవ్వొచ్చని సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. ఆ కుటుంబాల్లో ఒకరికైనా మీ ప్రయత్నం గురించి ముందుగా చెప్పడం మంచిది. వాళ్లకీ ఇదే మంగళవారం ఉండొచ్చు.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తుకి అడ్డం వస్తుందని 8వ సెక్షన్ చూపించి కాదంటే, ఛార్జిషీటు పడిందా లేదా చూడండి. పడితే దర్యాప్తు అయిపోయినట్టే. కేసు ఉంది అన్నంత మాత్రాన సమాచారం ఆపకూడదని, ఎలా అడ్డమో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. ఓపిక కావాలి. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలనే నియమం కూడా ఈ చట్టంలో ఉంది, కానీ మీ తమ్ముడు ఇప్పుడు బయటే ఉన్నాడు కాబట్టి అది మీకు వర్తించదు.

ఐదు వేలు అడిగినతనికి ఒక్క రూపాయీ ఇవ్వకండి. దొంగతనంగా తీసిన ఫోటోని కోర్టులో చూపించారంటే ముందు "ఇది మీ చేతికెలా వచ్చింది" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి మీ దగ్గర మంచి జవాబుండదు.

ఇప్పుడున్న వకీలు గారు ఈ పని చేయననేస్తే కోపం తెచ్చుకోకండి, కేసు వరకు ఆయన్నే ఉండనివ్వండి. దీనికి శ్రీకాకుళంలో జిల్లా కోర్టు దగ్గరున్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమే ఇచ్చింది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఇలాంటి ఉత్తరం ఏడు నెలల తర్వాత కాక ఆ మంగళవారం రాత్రే రాయాల్సి వచ్చేవాళ్లూ దీన్ని చదువుతుంటారు, వాళ్లకి రెండు మాటలు. ఎవరిని అరెస్టు చేశారో ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ కనబడేలా పెట్టాలని నాగరిక సురక్షా సంహితలో 37వ సెక్షన్ ఉంది. ఆ బోర్డు ఫోటో తీసుకోండి, పేరు లేకపోయినా తీసుకోండి. అదే రాత్రి 112కి, 15100కి ఫోన్ చేయండి, ఆ కాల్ టైమే మీ మొదటి రికార్డు. మనిషిని అక్రమంగా ఉంచారనిపిస్తే అదే సంహిత 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు సోదా వారెంటు ఇవ్వగలరు, హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్) వేయొచ్చు.

ఇన్ని చెప్పాక, మీరు అడగని ప్రశ్నకి వస్తున్నాను. ఇదంతా ఎవరి సంతకంతో? దాదాపు ప్రతి కాగితం కింద మీ తమ్ముడి పేరే ఉండాలి. అతనికి తెలియకుండా ఇందులో ఏదీ నడవదు, నడిచినా నడపకూడదు. ఆ మూడు రాత్రులు అతనివి. వాటి గురించి మాట్లాడాలా, కోర్టులో నిలబడి చెప్పాలా, లేక మూటకట్టి అటక మీద పెట్టి పనికి పోవాలా అన్నది అతను తేల్చుకోవాల్సిన సంగతి. మీరు తల్లిలా పెంచారు, మీకు అతని తరఫున కోపం రావడం సహజం. కానీ ఆ కోపం మీది. అతనిది ఇంకేదైనా కావచ్చు, సిగ్గో, భయమో, ఇంకా పేరు పెట్టనిదేదో.

అన్నం ముందు అడగకండి. టెక్కలికో, శ్రీకాకుళానికో ఏదో పని మీద వెళ్లేటప్పుడు బండి మీద వెనక కూర్చుని అడగండి, ముఖాలు ఎదురుబదురు ఉండవు. "కెమెరా దృశ్యాలు ఇంకొన్ని నెలలే ఉంటాయట, ఆ తర్వాత పోతాయట. నువ్వు అడగమంటే అడుగుదాం, వద్దంటే మానేద్దాం, నీ ఇష్టం" అని అంతవరకే చెప్పండి. వద్దంటే మొదటి రెండు పనులు చేసుకోండి. జైలు కాగితం, ఎఫ్‌ఐఆర్, కోర్టు అనుమతి, వీటికి మంగళవారం ఊసెత్తక్కర్లేదు. సరే అంటే, అతను ఆ మూడు రోజులూ జరిగింది తన చేత్తో తేదీలూ గంటలూ వేసి రాసిపెట్టుకోవాలి. మీరు విడిగా మీది రాయండి, క్యారేజీ ఎన్నింటికి ఇచ్చారు, సెంట్రీ ఎలా ఉన్నాడు, ఖాళీ గిన్నెలు ఎవరి చేత తిరిగొచ్చాయి. ఒకరిది ఒకరు చూసుకోకుండా రాయండి.

నాన్నగారిని కూడా అడగాలి, ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా, ఆ గురువారం పొద్దున్న ఆయన ఎక్కడున్నారు అని. తన వేలిముద్ర వల్లే కొడుకు ఇరుక్కున్నాడని ఆయన ఈ ఏడు నెలలూ లోపల కుమిలిపోతుండొచ్చు. ముందు ఆయన పక్కన కూర్చుని, చదవడం రాని మనిషి చేత చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకోవడం తప్పు, వేసినవాళ్లది కాదు అని చెప్పండి. ఆ తర్వాత అడగండి.